సాహిత్యం చదివాం, ఎక్కడ చెబుదాం? లిబరల్ ఆర్ట్స్ కొలువుల్లో ఏది ఎవరికి

సాహిత్యంలో పీహెచ్‌డీ పూర్తయింది, లేదా పూర్తి కావొస్తోంది. లిబరల్ ఆర్ట్స్ (సాహిత్యం, శాస్త్రాలు, కళలు కలిపి నేర్పే చదువు) ఉద్యోగ ప్రకటనలు తిరగేస్తుంటే ప్రతిదాంట్లోనూ ఒకే మాట: ఇంటర్‌డిసిప్లినరీ, అంటే వేర్వేరు శాస్త్రాల్ని కలిపి చదవడం, చెప్పడం. పరిశోధనా విశ్వవిద్యాలయం అదే రాస్తుంది, వెయ్యి మంది విద్యార్థులు కూడా లేని చిన్న కాలేజీ అదే రాస్తుంది, ఇంజినీరింగ్ సంస్థలోని హ్యుమానిటీస్ విభాగమూ అదే రాస్తుంది. మాట ఒకటే గానీ పని ఒకటి కాదు. ఒకచోట దాని అర్థం, మీ నవలల కోర్సును చరిత్ర విభాగం వాళ్ళు కూడా తమ జాబితాలో చూపించుకోవడం. ఇంకోచోట దాని అర్థం, సాహిత్యం తప్ప వేరే చదవని మీరు యూక్లిడ్ సిద్ధాంతం మీద పద్దెనిమిదేళ్ళ పిల్లలతో చర్చ నడపడం. ఈ రెండు జీవితాలకీ పొంతన లేదు.

ఇరవై ఏళ్ళలో వీటిలో రెండు రకాల చోట్ల పనిచేశాను. మిగతావాటిలో స్నేహితులు పనిచేస్తుంటే దగ్గర్నుంచి చూశాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను, చదివేటప్పుడు దాన్ని తీసేసి చూసుకోండి. అభ్యర్థులంతా మొదట అడిగేది ‘ఏం బోధించాలి?’ అని. అది రెండో ప్రశ్న కావాలి. ఐదారేళ్ళ తర్వాత మన పనిని ఎవరు తూకం వేస్తారు, ఏ తక్కెడతో వేస్తారు అన్నది మొదటి ప్రశ్న. కలిపి బోధించడాన్ని బ్రోషర్ మెచ్చుకుంటుంది, విద్యార్థులు ఇష్టపడతారు, ప్రమోషన్ కమిటీ మాత్రం చాలాచోట్ల పాత తక్కెడే బయటికి తీస్తుంది.

ముందు వేటిని కొలవాలి

జీతం సంగతి రాయను. దేశానికో స్కేలు, సంస్థకో లెక్క, అది ఆఫర్ లెటర్లోనే ఉంటుంది. ఆఫర్ లెటర్లో ఉండనివి నాలుగు.

మొదటిది తూకమే. అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం 1940లో చేసిన ప్రకటన ప్రకారం ప్రొబేషన్ ఏడేళ్ళు దాటకూడదు. అందుకే అక్కడ చాలా సంస్థల్లో టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) ఫైలు ఆరో ఏడాది కదులుతుంది. ఆ ఫైలును బయటి నిపుణులకు పంపుతారు. నిపుణులంటే మీ శాస్త్రంలో పేరున్నవాళ్ళు, అంటే మీరు ఏ విభాగంలో ఉంటే ఆ విభాగానికి తెలిసినవాళ్ళు. వాళ్ళు మీ తరగతిలో ఎప్పుడూ కూర్చోలేదు, మీ వ్యాసాలు మాత్రమే చదువుతారు. వైద్యమూ సాహిత్యమూ కలిసే పత్రికలో మీరొక వ్యాసం వేశారనుకోండి. సాహిత్యం వాళ్ళకి ఆ పత్రిక పేరు తెలియదు. వైద్యుల లెక్కలో అది పరిశోధనే కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. టెన్యూర్ పద్ధతి లేని దేశాల్లో కూడా పేరు మారుతుంది తప్ప ఈ చిక్కు మారదు. ఏ పత్రికలకు ఎన్ని పాయింట్లు, ఏ కోర్సు ఏ ఖాతాలోకి, ఎవరి సంతకంతో పదోన్నతి అన్న ప్రశ్నలు అన్నిచోట్లా ఉన్నాయి.

రెండోది, ఇద్దరు కలిసి చెప్పిన కోర్సు ఎంతగా లెక్కకొస్తుందన్నది. ఒకసారి నేనూ ఒక జీవశాస్త్ర అధ్యాపకుడూ కలిసి అంటువ్యాధుల మీద కోర్సు చెప్పాం. ఆయనది సూక్ష్మజీవుల వైపు, నాది కథల వైపు. మొదటి వారంలోనే ‘సాక్ష్యం’ అన్న మాట దగ్గర బండి ఆగిపోయింది. విద్యార్థి ఏదైనా చెప్పగానే ఆయన ‘ఎంతమందిలో?’ అనేవారు, నేను ‘ఎవరి నోట?’ అనేదాన్ని. ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు, నా ప్రశ్న ఆయనకి ప్రశ్నలా కనిపించేది కాదు. నాలుగైదు వారాలకి విద్యార్థులే రెండు ప్రశ్నలూ వేయడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళ బోధనలో నాకు బాగా గుర్తున్న సంగతుల్లో అదొకటి. కానీ దానికోసం ప్రతి క్లాసుకి ముందు ఇద్దరం రెండేసి గంటలు కూర్చున్నాం, ఒకరి క్లాసుకి మరొకరం వెళ్ళాం, ప్రతి పేపరూ ఇద్దరం చదివాం. ఒంటరిగా చెప్పే కోర్సుకి పట్టేదానికన్నా పని ఎక్కువే పట్టింది. ఏడాది చివర పని లెక్క ఫారంలో ఆ కోర్సు ఎదురుగా నా పేరు పక్కన 0.5 అని, అంటే సగం కోర్సని, పడింది. ఆ 0.5 సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మూడోది పేపర్లు దిద్దడం. సాహిత్యం వాళ్ళని సంస్థలు ఉమ్మడి కోర్సుల్లోకి ఎందుకంత ప్రేమగా పిలుస్తాయో తెలుసా? మనకి పిల్లల చేత రాయించడం వచ్చు. ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు. లెక్క వేసుకోండి. సెక్షన్‌కి 22 మంది, సెమిస్టర్‌కి మూడు పేపర్లు, రెండు సెక్షన్లు అయితే మొత్తం 132 పేపర్లు. ఒక్కోదానికి అరగంట పెడితే 66 గంటలు. ఇందులో తిరగరాసి తెచ్చినవి లేవు, రికమెండేషన్ లెటర్లు లేవు.

నాలుగోది, అక్కణ్ణుంచి బయటపడాల్సి వస్తే ఎక్కడికి వెళ్తాం అన్నది. అసలు ఆ సంస్థే పదేళ్ళ తర్వాత ఉంటుందా అన్న ప్రశ్న కూడా దీంట్లోనే కలుస్తుంది. పదేళ్ళ క్రితం ఈ మాట అంటే అపశకునం పలికినట్టు చూసేవాళ్ళు. ఇప్పుడు అలా చూడరు.

పరిశోధనా విశ్వవిద్యాలయంలో సాహిత్య విభాగం

మీ ఇల్లు మీది, పక్కింటికి అప్పుడప్పుడు వెళ్ళొస్తుంటారు. సెమిస్టర్‌కి రెండేసి కోర్సులు, వాటిలో ఒకటి మీ పరిశోధనకి దగ్గరగా ఉండేది. రాసుకోవడానికి సమయం అన్నిటికన్నా ఎక్కువ దొరికేది ఇక్కడే, ఎందుకంటే రాయకపోతే ఉద్యోగం నిలవదు. కలిపి చెప్పే కోర్సు అడిగితే సాధారణంగా కాదనరు, అలాగని అది మీ ఫైలులో పెద్దగా బరువు తూగదు. విభాగాధ్యక్షుడు ‘మంచి పని చేస్తున్నారండీ’ అంటారు, ఆ వెంటనే ‘పుస్తకం ఎంతవరకు వచ్చింది?’ అంటారు.

ఇందులోనే ఒక ఉపజాతి ఉంది: రెండు విభాగాల ఉమ్మడి నియామకం. సగం సాహిత్యం, సగం పర్యావరణ అధ్యయనం అన్నట్టు. కాగితం మీద ఇంటర్‌డిసిప్లినరీ ఆశయానికి ఇంతకన్నా చక్కటి రూపం లేదు. ఆచరణలో రెండు విభాగాల మీటింగులు, రెండు చోట్ల కమిటీ పని, ఇద్దరు అధ్యక్షులు. సగం సగం కలిస్తే ఒకటి కావాలి, ఇక్కడ మాత్రం ఒకటిన్నర అవుతుంది. చేరకముందే ఒక ఒప్పందపత్రం రాయించుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నారు. ప్రమోషన్ కమిటీలో ఏ విభాగం నుంచి ఎంతమంది ఉంటారు, మీటింగులకి ఎటు హాజరు కావాలి, ఇద్దరు అధ్యక్షులకీ మాట కుదరకపోతే తీర్పు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. రాయించుకోనివాళ్ళలో కొందరు నిలదొక్కుకున్నారు, కానీ అది వాళ్ళ అదృష్టం.

చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ

అమెరికాలో ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా వంటివి ఈ కోవలో అందరికీ తెలిసిన పేర్లు. అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులే ప్రధానం, తరగతులు చిన్నవి. సాహిత్య విభాగంలో ఎనిమిది, పది మందే ఉంటారు కాబట్టి మధ్యయుగం నుంచి నిన్నటి కవి దాకా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు మీరే. ఇక్కడ ఇంటర్‌డిసిప్లినరీ అన్నది సిద్ధాంతంగా రాదు, భోజనాల బల్ల దగ్గర పుడుతుంది. భౌతికశాస్త్రం వాళ్ళు పక్క కుర్చీలో కూర్చుంటారు, ఎందుకంటే కూర్చోవడానికి వేరే చోటు లేదు.

స్వార్త్‌మోర్ ఆనర్స్ పద్ధతి గురించి కాస్త చెప్పాలి. 1922లో మొదలైంది. ఆనర్స్ విద్యార్థుల్ని చివర్లో పరీక్షించేది బయటి కాలేజీల నుంచి వచ్చిన పరీక్షకులు. దాంతో బోధించేవాళ్ళు మార్కులిచ్చే స్థానం నుంచి కిందికి దిగి, విద్యార్థి పక్కన నిలబడతారు. పాఠం చెప్పేవాళ్ళ చేతిలోంచి తక్కెడ తీసేస్తే తరగతి గాలే మారిపోతుందనడానికి ఇది నాకు నచ్చిన ఉదాహరణ. విలియమ్స్‌లో ఇంకో పద్ధతి ఉంది. ట్యుటోరియల్‌లో ఇద్దరే విద్యార్థులు, ఒక వారం ఒకరు వ్యాసం రాసి చదివితే రెండోవాళ్ళు విమర్శిస్తారు, మరుసటి వారం పాత్రలు తారుమారు. మీ పని వినడం, అవసరమైనప్పుడే నోరు తెరవడం. పీహెచ్‌డీలో మనకి ఎవరూ నేర్పని విద్య అది.

తూకం సంగతికొస్తే, బోధనకి నిజంగానే బరువుంటుంది. తోటి అధ్యాపకులు వచ్చి మీ క్లాసులో కూర్చుంటారు, పాత విద్యార్థుల దగ్గర్నుంచి ఉత్తరాలు తెప్పిస్తారు. పేరున్న కాలేజీల్లో పుస్తకం కూడా అడుగుతారు. అక్కడ ఒక పుస్తకం రాయడానికి దొరికేది సెమిస్టర్ల మధ్య సెలవులే. అంతగా పేరులేని కాలేజీల్లో సెమిస్టర్‌కి మూడు, నాలుగు కోర్సులుంటాయి. అప్పుడు రాత మీద ఆశ తగ్గించుకోవాలి.

ఇక సంస్థ ఆయుష్షు. వర్మాంట్‌లోని మార్ల్‌బరో కాలేజీ 2020లో మూతపడింది. కాలిఫోర్నియాలోని మిల్స్ కాలేజీ 2022లో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ 2015లో మూసేస్తున్నామని ప్రకటించింది, పూర్వ విద్యార్థినులు అడ్డుపడి నిలబెట్టారు. నిధులు దండిగా ఉన్న కాలేజీకీ, ప్రతి ఏటా చేరే విద్యార్థుల ఫీజు మీదే బతికే కాలేజీకీ పైకి తేడా తెలియదు. రెంటిలోనూ అవే పచ్చికలు, అవే ఇటుక గోడలు. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు గత ఐదేళ్ళలో అడ్మిషన్లు పెరిగాయా తగ్గాయా అన్నది చూసుకోండి.

కోర్ ప్రోగ్రామ్

పెద్ద విశ్వవిద్యాలయంలో విద్యార్థులందరూ తప్పనిసరిగా చదవాల్సిన ఉమ్మడి కోర్సులివి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ‘కాంటెంపరరీ సివిలైజేషన్’ 1919లో, సాహిత్యానికి సంబంధించిన కోర్సు 1937లో మొదలయ్యాయి. ఇంజినీరు కాబోయేవాడూ, నాటకాల పిచ్చి ఉన్నదీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే పుస్తకం చదువుతారు. బోధించేవాళ్ళలో శాశ్వత ప్రొఫెసర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, థీసిస్ చివరి దశలో ఉన్న పరిశోధక విద్యార్థులు అందరూ ఉంటారు. ఇదే అసలు కిటుకు: ఒకే కోర్సు, ఒకే సిలబస్, ముగ్గురి జీవితాలూ మూడు రకాలు.

శాశ్వత పదవి ఉండి రెండేళ్ళకో మూడేళ్ళకో కోర్‌లో ఒక సెక్షన్ తీసుకోవడం సాహిత్య అధ్యాపకులకి దొరికే మంచి బేరాల్లో ఒకటి. ప్రతి వారం మీకు పట్టులేని పుస్తకంతో క్లాసులోకి వెళ్తారు. తత్వశాస్త్రం వాళ్ళు ఏ పేజీ దగ్గర ఆగుతారో, రాజనీతిశాస్త్రం వాళ్ళు ఏ పేజీ వదిలేస్తారో అధ్యాపకుల వారవారీ సమావేశంలో వింటారు. తిరిగి ఇంటికి, అంటే మీ విభాగానికి, వచ్చేస్తారు.

అదే కాంట్రాక్టు మీద అయితే కథ వేరు. షికాగో విశ్వవిద్యాలయంలో కోర్ బోధన కోసం కొత్తగా పీహెచ్‌డీ పొందినవాళ్ళని నాలుగేళ్ళ ఫెలోషిప్ మీద తీసుకునే పద్ధతి ఉంది. గడువు ముందే తెలుస్తుంది, గౌరవం ఉంది, తోటివాళ్ళు చురుకైనవాళ్ళు. అలాంటిది దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోవచ్చు. గడువు లేకుండా ‘ఏడాదికోసారి పొడిగిస్తాం’ అనే లెక్చరర్ పదవుల దగ్గర జాగ్రత్త. పొడిగిస్తూనే ఉంటారు. ఆరేళ్ళకి మీరు అద్భుతంగా పాఠం చెప్పే మనిషి అవుతారు, సీవీలో రాసింది మాత్రం మొదటి ఏడాది ఎంతుందో అంతే ఉంటుంది.

కోర్ ప్రోగ్రామ్‌కే సొంత శాశ్వత పదవులుంటే ఈ బాధ తప్పుతుంది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో 1950లో మొదలైన లిబరల్ స్టడీస్ ప్రోగ్రామ్ అలాంటిది: దానికి సొంత అధ్యాపకులు, సొంత విద్యార్థులు. తక్కెడ ఇంట్లోనే ఉంది. ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

విభాగాలే లేని కాలేజీలు

అన్నిటికన్నా ఎక్కువ రాయాలనిపించేది వీటి గురించే. ఎక్కువమంది పొరబడేదీ వీటి దగ్గరే.

అమెరికాలో అన్నాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీ 1937లో తన పాఠ్యక్రమాన్ని పూర్తిగా మార్చేసింది. 1964లో శాంటా ఫేలో రెండో ప్రాంగణం తెరిచింది. అక్కడ ప్రొఫెసర్లు ఉండరు, అందరూ ట్యూటర్లే. విభాగాల్లేవు. విద్యార్థులందరిదీ ఒకే చదువు: గ్రీకు భాష, గణితం, ప్రయోగశాల, సంగీతం, రాత్రిపూట సెమినార్. సెమినార్‌ని ఇద్దరు ట్యూటర్లు కలిసి నడుపుతారు. ట్యూటర్లు ఏళ్ళ మీద కార్యక్రమం మొత్తం బోధించగలగాలన్నది లెక్క. అంటే సాహిత్యం చదివిన మనిషి జ్యామితి క్లాసుకి వెళ్ళాలి, భౌతికశాస్త్రం చదివిన మనిషి గ్రీకు క్రియారూపాలు నేర్చుకుని నేర్పాలి. అక్కడ తెలియకపోవడం లోపం కాదు, విద్యార్థితో కలిసి తెలుసుకోవడమే ఉద్యోగం. విద్యార్థి ప్రగతిని చర్చించే పద్ధతి కూడా విచిత్రంగా ఉంటుంది. ట్యూటర్లంతా కూర్చుని విద్యార్థి ఎదురుగానే, అతను అక్కడ లేనట్టు, అతని గురించి మాట్లాడుకుంటారు. పుస్తకాలు అచ్చువేయాలన్న నిర్బంధం లేదు.

చదువుతుంటే మనసు లాగుతుంది కదా. నన్నూ లాగింది. ఇక్కడ మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలి: క్లాసులో నిపుణత చూపించకుండా ఉండగలరా? ఎనిమిదేళ్ళు థీసిస్ చేసి సంపాదించిన పాండిత్యాన్ని గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళగలరా, అదీ ప్రతిరోజూ? మాట్లాడకుండా ఉండటం కొందరికి ఊపిరి తీసుకున్నంత తేలిక. కొందరికి అది మెల్లగా చచ్చిపోవడం. తప్పు ఇద్దరిలోనూ లేదు, అయితే మనం ఏ రకమో మనకి తెలిసి ఉండాలి. ఇంకో మాట. పదేళ్ళు అక్కడ ఉండి మామూలు విభాగానికి రావడం చాలా కష్టం. సీవీలో గణితం, గ్రీకు, ప్రయోగశాల ఉంటాయి. ఎంపిక కమిటీ అది చూసి ముచ్చటపడి, ఇంకొకరిని తీసుకుంటుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీది వేరే దారి. 1971లో తరగతులు మొదలయ్యాయి. విద్యార్థి విడివిడి కోర్సులు తీసుకోకుండా, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి ఒకే అంశం చుట్టూ అల్లిన పూర్తికాల ప్రోగ్రామ్‌లో చేరతాడు. మార్కులకి బదులు మాటల్లో రాసిన మదింపు ఉంటుంది. కలిసి చెప్పడం ఇక్కడ అదనపు పని కాదు, అదే పని. 0.5 బెడద లేదు. దాని బదులు ఒక్కో విద్యార్థి గురించి పేరాలకి పేరాలు రాయాలి. పైగా ఒక ప్రోగ్రామ్‌లో జట్టు కుదరకపోతే ఆ కాలమంతా తప్పించుకోవడానికి చోటుండదు. వారానికి మూడు గంటలు పడని మనిషితో సర్దుకుపోవచ్చు. వారమంతా అంటే కష్టం.

ఈ జాతి సంస్థలకి ఆయుష్షు గండం ఎక్కువ. షైమర్ కాలేజీ ఊళ్ళు మారుతూ చివరికి 2017లో నార్త్ సెంట్రల్ కాలేజీలో కలిసింది. సింగపూర్‌లో యేల్ విశ్వవిద్యాలయమూ సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయమూ (ఎన్‌యూఎస్) కలిసి 2011లో స్థాపించిన యేల్-ఎన్‌యూఎస్ కాలేజీ ఉమ్మడి పాఠ్యక్రమంతో, విభాగాలు లేకుండా మొదలైంది, ప్రపంచం నలుమూలల నుంచి అధ్యాపకులు వెళ్ళారు. మొదటి బ్యాచ్ 2013లో చేరింది, 2021లో మూసివేత ప్రకటించారు, 2025లో చివరి బ్యాచ్ బయటికి వచ్చింది. డబ్బు, పేరు రెండూ ఉన్న సంస్థే. విభాగాలు లేకపోవడంలోని స్వేచ్ఛకి ఇది వెనక వైపు: కాపాడటానికి కట్టుబడిన విభాగమూ ఉండదు.

సాంకేతిక సంస్థలో హ్యుమానిటీస్

ఎంఐటీలో ప్రతి అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థీ హ్యుమానిటీస్, కళలు, సామాజిక శాస్త్రాల్లో ఎనిమిది సబ్జెక్టులు పూర్తి చేయాలి. భారతదేశంలోని ఐఐటీల్లో సాహిత్యం, ఆర్థికశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చాలాచోట్ల ఒకే హ్యుమానిటీస్ విభాగం కింద ఉంటాయి. అంటే మీ సహోద్యోగులే వేరే శాస్త్రాల వాళ్ళు, ప్రత్యేకంగా వెతుక్కోనక్కర్లేదు. విద్యార్థులు తెలివైనవాళ్ళు, కానీ మీ కోర్సు వాళ్ళకి నాలుగో ప్రాధాన్యం. ‘దీనివల్ల ఉపయోగం ఏంటి?’ అన్న ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది. దానికి విసుక్కోని మనిషికి ఇది మంచి చోటు. నా స్నేహితురాలు ఒకామె ఆ ప్రశ్నతోనే కోర్సు మొదలుపెడుతుంది, జవాబు చెప్పకుండా సెమిస్టర్ ముగిస్తుంది.

సౌకర్యాలు, నిధులు తరచుగా మామూలు సాహిత్య విభాగాల కన్నా మెరుగు. తూకం దగ్గరే చూసుకోవాలి: ఎంపిక కమిటీలో సాహిత్యం తెలిసినవాళ్ళు ఎంతమంది? వ్యాసాల సంఖ్యతో కొలిచే ఇంజినీర్ల అలవాటు మన మీదకి వస్తే, ఆరేళ్ళ శ్రమతో రాసిన ఒక పుస్తకం నాలుగు పేజీల కాన్ఫరెన్స్ పేపరు పక్కన ‘1’గా నిలబడుతుంది.

ఒక్క చూపులో

| ఎక్కడ | తూకం వేసేది | బోధనలో సాహిత్యం వాటా | రాసుకునే వీలు | వేరే చోటికి మారడం |
|---|---|---|---|---|
| పరిశోధనా విశ్వవిద్యాలయ విభాగం | సొంత శాస్త్రం వాళ్ళు | దాదాపు అంతా | ఎక్కువ, తప్పనిసరి కూడా | తేలిక |
| ఉమ్మడి నియామకం | రెండు విభాగాలు | సగం | ఉంటుంది, మీటింగులు తింటాయి | ఒక మాదిరి |
| చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ | విభాగం, కాలేజీ మొత్తం | చాలావరకు | సెలవుల్లో | ఒక మాదిరి |
| కోర్, శాశ్వత పదవితో | సొంత విభాగం | కోర్ సెక్షన్ పోను మిగతాదంతా | మామూలే | తేలిక |
| కోర్, కాంట్రాక్టు మీద | ప్రోగ్రామ్ డైరెక్టర్ | ఉమ్మడి సిలబస్ ఎంతిస్తే అంత | తక్కువ | ఏళ్ళు గడిచేకొద్దీ కష్టం |
| విభాగాల్లేని కాలేజీ | తోటి అధ్యాపకులంతా | కొద్ది భాగం | మీ ఇష్టం, మీ ఓపిక | కష్టం |
| సాంకేతిక సంస్థ | మిశ్రమ కమిటీ | చాలావరకు | బాగానే | ఒక మాదిరి |

పట్టికలో గళ్ళు అన్నీ ఒకే సైజులో ఉంటాయి గానీ వాటి బరువు ఒకటి కాదు. నేనైతే తూకం గడి, చివరి గడి చూసి సగం నిర్ణయం తీసుకుంటాను.

మీరు ఏ కోవ?

ఇప్పుడే పీహెచ్‌డీ అయినవాళ్ళకి నా సలహా కాస్త పాతకాలపుది: ఇంట గెలిచి రచ్చ గెలవండి. థీసిస్ పుస్తకం అయ్యేదాకా సొంత విభాగం నీడలో ఉండటం మంచిది. వేరే శాస్త్రం వాళ్ళు మిమ్మల్ని పిలిచేది మీ దగ్గర వాళ్ళ దగ్గర లేనిదేదో ఉందనే కదా. అది పూర్తిగా పట్టుబడకముందే బయల్దేరితే నేల విడిచి సాము. విభాగంలో చోటు దొరకలేదు, కోర్ ఫెలోషిప్ వచ్చింది అంటే వెళ్ళండి, కానీ గోడ మీద గడువు తేదీ రాసి పెట్టుకోండి.

తరగతే ప్రాణం, వ్యాసం రాయడం శిక్షలా అనిపిస్తుంది అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, పైకి అనరు. వాళ్ళు పరిశోధనా విశ్వవిద్యాలయం కోసం పోటీపడి గెలిస్తే అది ఓటమే. బోధనకి బరువిచ్చే చిన్న కాలేజీ, లేదా ధైర్యముంటే విభాగాల్లేని కాలేజీ చూసుకోవాలి. ఈ దారిలో గైడ్లు ప్రోత్సహించరు. గైడ్లంతా పరిశోధనా విశ్వవిద్యాలయాల్లోనే ఉంటారు మరి.

పని నిజంగానే రెండు శాస్త్రాల నడుమ ఉన్నవాళ్ళ సంగతి వేరు. న్యాయమూ కథనమూ, వైద్యమూ సాహిత్యమూ, భాషా కంప్యూటింగూ లాంటివి. వీళ్ళకి ఉమ్మడి నియామకం కష్టమైనా సరైనదే, సాంకేతిక సంస్థ అయితే ఇంకా మేలు. ఒక పరీక్ష పెట్టుకోండి. అవతలి శాస్త్రం పత్రికలో మీ వ్యాసం వాళ్ళ నియమాల ప్రకారమే అచ్చయిందా? అయితే మీరు నడుమ ఉన్నట్టు. లేకపోతే మీరు సాహిత్యంలో ఉండి కిటికీలోంచి చూస్తున్నారు. అదీ మంచి పనే, దానికి ఉమ్మడి నియామకం అక్కర్లేదు.

నలభై ఐదు దాటి, శాశ్వత పదవిలో ఉండి, అదే సిలబస్ పదిహేనోసారి చెప్తున్నవాళ్ళు ఉద్యోగం మారనక్కర్లేదు. రెండేళ్ళు కోర్‌కి వెళ్ళిరండి, లేదా వేరే శాస్త్రం మనిషితో ఒక కోర్సు పట్టండి. జీవశాస్త్రం మిత్రుడితో నేను చేసిన కోర్సు ఆ వయసులోనే చేశాను. ముప్పై ఏళ్ళప్పుడు చేసి ఉంటే ఆ 0.5 నా ప్రమోషన్‌ని తినేసేది.

భార్యాభర్తలిద్దరూ అధ్యాపకులైతే పై లెక్కలన్నీ పక్కన పెట్టి పెద్ద ఊళ్ళో ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం చూసుకోండి. చిన్న కాలేజీలో రెండో ఉద్యోగం పుట్టడం అరుదు.

ఇంటర్వ్యూలో అడగాల్సినవి

గత పదేళ్ళలో ఇక్కడ కలిపి బోధించేవాళ్ళలో ప్రమోషన్ వచ్చిందెవరికి? పేర్లు అడగండి, ‘చాలామందికి’ అన్న జవాబు జవాబు కాదు. వాళ్ళ ఫైలుకి బయటి అభిప్రాయాలు ఏ శాస్త్రం వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించారు? ఈ పదవిలో మీకన్నా ముందున్న మనిషి ఇప్పుడెక్కడున్నారు? ఈ చివరి ప్రశ్న వేశాక జవాబు కన్నా ముందు కమిటీలో ఎవరి ముఖం ఎవరు చూసుకుంటున్నారో గమనించండి. వీలైతే ఒక పూట మామూలు తరగతిలో వెనక కూర్చుంటామని అడగండి. మీకోసం ఏర్పాటు చేసిన డెమో క్లాసు కాకుండా, ఆ రోజు ఎలాగూ జరిగే క్లాసు.

0.5 సంగతి మాత్రం మాటల్లో వదిలేయకండి. ఇద్దరు కలిసి చెప్పే కోర్సు ఒక్కొక్కరికి ఎంతగా లెక్కిస్తారో ఆఫర్ మీద సంతకం పెట్టకముందే ఈమెయిల్లో రాయించుకోండి. ‘పూర్తి కోర్సుగానే తీసుకుంటాం’ అని మీ చేతిలో చెయ్యేసి చెప్పిన డీన్ రెండో ఏడాదికి ఆ కుర్చీలో ఉండకపోవచ్చు.